అరగంట నీళ్లు

బాపు మస్కట్ వచ్చిన పదో రోజుకే విసుక్కోవడం మొదలుపెట్టాడు. రువీలో మాది మూడో అంతస్తు ఫ్లాట్. పొద్దున నేను ఆఫీసుకు పోతే సాయంత్రం దాకా ఆయనకు కిటికీ, టీవీ, ఫోన్‌లో ఊరి ముచ్చట్లు. "గీ డబ్బాల ఇంకెన్ని రోజులు కూసోవాలెరా?" అన్నాడు ఓ రాత్రి అన్నం తింటూ. ఆ వారమే ఒక దోస్తు దగ్గర ఫోర్‌వీల్ బండి అడిగి తీసుకున్నాను. గురువారం రాత్రి కొండ మీది ఊళ్లో పడక, శుక్రవారం రాత్రి ఎడారిలో.

ఒమన్‌లో ఉన్న మనవాళ్లు ఏదో ఒక చలికాలం తప్పకుండా చేసే ప్రయాణమే ఇది. వాట్సాప్ స్టేటస్‌లో పొద్దున ఖర్జూర తోట, పొద్దుగూకేసరికి ఇసుక దిబ్బ. టూర్లు అమ్మేవాళ్లూ అదే వరసలో అమ్ముతారు: ముందు పచ్చదనం, తర్వాత శూన్యం. నేను ఇంతకుముందు మూడుసార్లు పోయాను, మూడుసార్లూ అలాగే చూశాను. నాలుగోసారి బాపు పక్కన కూర్చుంటే ఆ వరస మొత్తం తప్పని తెలిసింది. కొండకూ ఎడారికీ మధ్య ఉన్నది ఒకటే లెక్క, నీళ్ల లెక్క. ఆ లెక్కలో నా తప్పు కూడా ఒకటుంది. దాన్ని మధ్యలో చెప్తాను.

మేం పడుకున్న ఊరు మిస్ఫత్ అల్ అబ్రియీన్. హజర్ కొండల దక్షిణపు వాలు మీద, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. హజర్ అంటే అరబ్బీలో రాయి. ఆ పేరుకు తగ్గట్టే ఊరు మొత్తం బండ మీద నిలబెట్టినట్టు ఉంటుంది, రాతి గోడల మీద మట్టి ఇళ్లు. సందులు ఎంత ఇరుకంటే ఎదురుగా గాడిద వస్తే మనమే గోడకు ఆనుకోవాలి. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. దాంతో మట్టి ఇళ్లలో కొన్ని గెస్ట్‌హౌస్‌లయ్యాయి. మాది అలాంటిదే.

తెల్లారి లేచేసరికి బాపు గదిలో లేడు. వెతుక్కుంటూ మెట్లు దిగితే తోటల దగ్గర కాలువ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కాలువంటే జానెడున్నర వెడల్పు, మోకాలి లోతు కూడా లేదు. సున్నపు గార పూసిన అంచులు. నీళ్లు చప్పుడు చేయకుండా, కానీ చురుగ్గా పోతున్నాయి. ఇరువైపులా కింది మళ్లలో ఖర్జూరం, వాటి నీడన అరటి, నిమ్మ, వాటి కింద పశువుల గడ్డి.

"గిది ఎవలి వంతు?" అని అడిగాడు నన్ను చూడగానే.

నాకేం తెలుసు! పక్కన మడిలో పనిచేస్తున్న బంగ్లాదేశీ అతన్ని హిందీలో అడిగాను. అతను నవ్వి, కాలువ పక్కన చిన్న కంతలో కూరిన రాయి చూపించాడు. రాయికి పాత గుడ్డ చుట్టి ఉంది, నీళ్లు కారకుండా. మా యజమాని వంతు ఇప్పుడు మొదలైంది అంటూ ఆ రాయిని లాగి, అదే గుడ్డరాయితో అవతలి కంత మూసేశాడు. నీళ్లు మలుపు తిరిగి మడిలోకి దిగాయి. బాపు లేచి నిలబడి చూశాడు. ఎన్నేళ్ల తర్వాత చూస్తున్నాడో ఆ పని.

"ఎంతసేపు?"

"ఒక అథర్. అరగంట. మళ్లీ ఎనిమిదో రోజు."

"నీళ్లు తగ్గితే?"

"అరగంటే."

"ఎక్కువొస్తే?"

"అప్పుడు కూడా అరగంటే" అన్నాడు అతను, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

ఈ కాలువను ఫలజ్ అంటారు. ఆ మాటకు మూలంలోనే చీల్చడం, పంచడం అనే అర్థం ఉంది. దేశంలో 3,000కు పైగా ఫలజ్‌లు ఇప్పటికీ పారుతున్నాయి. వాటిలో ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కొన్ని ఊట నుంచి వచ్చేవి, కొన్ని వాగు నుంచి మళ్లించేవి. మూడో రకం దావూదీ. కొండ మొదట్లో తల్లిబావి తవ్వి, అక్కణ్నించి భూమి లోపల సొరంగం తొలుచుకుంటూ, వాలు ఏమాత్రం చెడకుండా కిలోమీటర్ల దూరం నీళ్లను ఊరికి తెస్తారు. దావూద్ కొడుకు సులేమాన్ ప్రవక్త పది రోజులు ఒమన్‌లో ఆగి, రోజుకు వెయ్యి చొప్పున జిన్నులతో తవ్వించాడని కథ. ఈ పద్ధతి మనకు కొత్తేం కాదు. హైదరాబాద్ నుంచి మూడు గంటల ప్రయాణంలో ఉన్న బీదర్‌లో బహమనీల కాలపు కారేజ్ దీనికి చుట్టమే.

అయితే నన్ను పట్టుకున్నది తవ్వకం కాదు, పంపకం. ఇక్కడ రైతుకు ఉన్నది ఇన్ని లీటర్ల మీద హక్కు కాదు, ఇంత సేపటి మీద హక్కు. వెనకటి రోజుల్లో చాలా ఊళ్లలో ఒక గుంజ పాతి, దాని నీడ ఏ రాయి దాటితే ఎవరి వంతో చూసుకునేవారు. రాత్రయితే చుక్కలు. ఏ చుక్క ఏ కొండ అంచు మీదికి వస్తే ఎవరు కంత తెరవాలో ముసలివాళ్లకు కంఠస్థం. ఇప్పుడు గడియారాలూ ఫోన్లూ వచ్చాయి కానీ పద్ధతి అదే. కరువొచ్చి ఊట సగమైతే అందరి అరగంటా సగం బలంతో పారుతుంది. ఒకడికి నిండుగా పారి ఇంకొకడికి ఎండడం ఆ ఏర్పాటులోనే కుదరదు. కరువు కూడా వంతులవారీగా పంచబడుతుంది.

బాపు ఇదంతా విని "తాత గిట్లనే చేసేటోడు" అన్నాడు.

మా తాత ఊరి నీరటి. జగిత్యాల వైపు మా ఊళ్లో నూట ముప్పై ఎకరాల ఆయకట్టున్న చెరువు ఉండేది. తూము తెరవడం, మూయడం, ఏ కాలువకు ఏ రాత్రి నీళ్లు వదలాలో చూడడం ఆయన పని. జీతం లేదు. కోతలప్పుడు కల్లం దగ్గర ఒక్కో రైతు ఇన్ని వడ్లు కొలిచి ఇచ్చేవాడు. చెరువు సగమే నిండిన ఏడు ఊరంతా కూర్చుని తైబందీ చేసుకునేది, ఈసారి తూము కింద ఇన్ని ఎకరాలే, మిగతాది పడావే అని. పెద్ద రైతు మడి కూడా ఎండేది. పెద్ద రైతుకు అది నచ్చేదని నేననుకోను. కానీ తాత తెరిచిన తూమును ఎవరూ రాత్రి పోయి మార్చేవారు కాదని బాపు చెప్తాడు. (బాపు ఇలాంటివి చెప్పేటప్పుడు కాస్త తీపి కలుపుతాడు. మార్చినవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉండే ఉంటారు.)

ఇక నా తప్పు. నేను 2009లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టైమ్‌కీపర్‌గా ఇక్కడికి వచ్చాను. కూలీలు ఎన్ని గంటలు పనిచేశారో రాసుకోవడమే ఉద్యోగం. వచ్చేటప్పుడు చేసిన అప్పు తీరాక మొదటిసారి చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే వాటిని ఎక్కడ పెట్టాను? మా ఊళ్లో గల్ఫ్ పోయిన ప్రతివాడూ ఎక్కడ పెట్టాడో అక్కడే. బోరు. మొదటిది 280 అడుగులకు దుమ్ము లేపింది. రెండోది అంతే. మూడోది 420 అడుగుల దగ్గర నీళ్లు చూపించింది. ఫోన్‌లో ఆ నీళ్ల చప్పుడు వినిపించారు నాకు. క్యాంపు గదిలో ఆరుగురం ఉంటే అందరికీ జిలేబీ తెప్పించాను.

మరుసటి ఎండాకాలం మా పొలం పక్కనే ఉన్న పెద్దబాపు బావి ఎండింది. మా తాత కాలం నాటి బావి, ఈత నేర్చుకున్న బావి. అప్పుడు ఆయన కొడుకు, వాడు దుబాయిలో ఉంటాడు, డబ్బు పంపి 500 అడుగులకు వేయించాడు. దాంతో మా బోరు సన్నబడింది. ఇక ఆ తర్వాతది తెలుగు రాష్ట్రాల్లో ఏ మెట్ట ఊరివాడికైనా తెలిసిన కథే. ఫలజ్‌లో కాలం లెక్క, బోరులో లోతు లెక్క. ఎవడి దగ్గర ఎక్కువ డబ్బుంటే వాడిది ఎక్కువ లోతు. ఎడారి దేశంలో సంపాదించిన డబ్బు, నీళ్లను అరగంటల లెక్కన పంచుకునే దేశంలో సంపాదించిన డబ్బు, మా చెరువు కింద ఇలా దిగింది.

చట్టాలు లేక కాదు. నీళ్లను, నేలను, చెట్లను కాపాడడానికి తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, బోరుకు అనుమతి తీసుకోవాలి. మా ఊళ్లో అనుమతి తీసుకుని బోరు వేసినవాణ్ని నేను చూడలేదు, నేనూ తీసుకోలేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్లు తీసేయండి బాబూ అని ప్రభుత్వమే బతిమాలుకోవాల్సి వచ్చింది. కరెంటు ఉన్నంతసేపూ మోటారు దానంతటదే నడుస్తుంటే వంతు అనే మాటకు ఇక చోటేది?

మిస్ఫత్ నుంచి నిజ్వా దిగాం. శుక్రవారం పొద్దున నిజ్వా కోట పక్కన మేకల సంత. మధ్యలో గుండ్రటి తావు ఉంటుంది, అమ్మేవాళ్లు మేకను పట్టుకుని దాని చుట్టూ తిరుగుతూ ధర అరుస్తారు, కొనేవాడు ఆపి, పళ్లు చూసి, పొదుగు పట్టి చూస్తాడు. బాపు గంటసేపు కదల్లేదు. ఒక పోతు ధర నన్ను రూపాయల్లోకి మార్చి చెప్పమని, విని, తల తిప్పేసుకున్నాడు. పదిహేడో శతాబ్దపు ఆ కోట బురుజు దేశంలోనే పేరున్నది, దాన్ని మాత్రం కన్నెత్తి చూడలేదు.

అక్కణ్నించి అరగంటలో బిర్కత్ అల్ మౌజ్. ఆ పేరుకు అరటి కొలను అని అర్థం. యునెస్కో ఐదింటిలో ఒకటైన ఫలజ్ అల్ ఖత్మీన్ ఇక్కడిదే. కాలువ ఒకచోట మూడు సమాన పాయలుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గర బాపు మూడు ఎండు ఆకులు వేసి చూశాడు, ఏ పాయలోకి ఏది పోతుందో అని. ఫలజ్ ఊళ్లోకి రాగానే ముందు తాగే నీళ్లు, తర్వాత మసీదు, స్నానాలు, ఆ తర్వాతే పొలం. పొలంలో కూడా ముందు ఖర్జూరం. ఏడాది పంటల మళ్లు కాలువ చివర ఉంటాయి. నీళ్లు తగ్గిన ఏడు వాటిని తగ్గించుకుంటారు, చెట్టును మాత్రం చావనివ్వరు. తైబందీయే. తల్లిబావి చుట్టూ మూడున్నర కిలోమీటర్ల లోపు కొత్త బావి తవ్వకూడదని నిబంధన కూడా ఉంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇదేదో స్వర్గమని చెప్పబోతే నేను అబద్ధం చెప్పినట్టే. ఫలజ్ వంతు ఆస్తి. కొనొచ్చు, అమ్మొచ్చు, కొన్ని వంతులు వేలం కూడా వేస్తారు. వంతు లేనివాడికి అరగంట కాదు, అర నిమిషం కూడా లేదు. పొద్దున గుడ్డరాయి లాగిన బంగ్లాదేశీకి ఆ నీళ్లలో ఉన్నది చేతికంటిన తడి మాత్రమే. ఒమన్ వాళ్లు కూడా మోటారు చేతికొచ్చాక తోడిన చోట తోడేశారు. బాతినా తీరంలో తోటలు ఎక్కువగా తోడడం వల్ల సముద్రపు ఉప్పు బావుల్లోకి ఎక్కింది. అంటే మనకంటే వాళ్లు మంచివాళ్లని కాదు. కొండ ఊళ్లో నియమం ఇంకా గట్టు మీద కనిపిస్తోంది, ఎవడైనా తప్పితే పదిమందికి తెలుస్తుంది. బోరు లోపల ఏం జరుగుతోందో ఎవడికీ కనపడదు. నాకైతే తేడా అంతా అక్కడే ఉందనిపిస్తుంది.

ఇజ్కీ దాటి సినావ్ వైపు తిరిగాక దారి చదునైపోతుంది. సినావ్‌లో గురువారం పెద్ద సంత, ఎడారిలో ఒంటెలు, మేకలతో తిరిగే బద్దూలు దిగి వస్తారు. మేం పోయింది శుక్రవారం, నమాజు వేళ. కుక్క కూడా లేదు. పెట్రోల్ బంకు పక్కన తెచ్చుకున్న పులిహోర తిన్నాం. దారి పొడుగునా నున్నటి రోడ్డు చూసి బాపు మెచ్చుకుంటుంటే, 1970లో ఈ దేశం మొత్తం మీద తారు రోడ్డు పది కిలోమీటర్లేనట అని చెప్పాను. నమ్మలేదు.

బిదియా చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఎడారిలోకి దిగే ముందు టైర్లలో గాలి సగానికి పైగా తీసేయాలి, లేకపోతే ఇసుకలో కూరుకుపోతుంది. టైర్ల షాపులో మలయాళీ కుర్రాడు నాలుగు టైర్లనూ ఐదు నిమిషాల్లో పదిహేనుకు దించాడు. "గాలి తీసుడుకు గూడ పైసలా?" అని బాపు గొణిగాడు.

తర్వాత ఇసుక. షర్కియా ఇసుకలు, పాత పేరు వహీబా ఇసుకలు. ఉత్తరం నుంచి దక్షిణానికి 180 కిలోమీటర్లు, అడ్డంగా 80. దిబ్బలు కొన్నిచోట్ల వంద మీటర్ల ఎత్తు. అవి వరసలు వరసలుగా ఉత్తర దక్షిణాలుగా ఎందుకు సాగాయో తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. వాటిని అలా పేర్చింది నైరుతి రుతుపవనపు గాలి. జూన్‌లో మనం ఆకాశం వంక చూస్తూ ఎదురుచూసే ఆ గాలే. ఇక్కడ ఇసుకను పేరుస్తుంది, మనకు వాన తెస్తుంది.

మొదటి ఎత్తు మీదే నేను అనవసరంగా బ్రేకు వేసి బండిని ఇసుకలో కూరేశాను. ముప్పావు గంట చేతులతో ఇసుక తోడాం. బాపు మధ్యలో ఆగి గుప్పెడు తీసి వేళ్ల మధ్య నలిపాడు. "పిండి లెక్క ఉన్నదిరా, గోడల పూతకు గూడ పనికిరాదు" అన్నాడు. నిజమే, గాలికి అరిగి గుండ్రబడిన రేణువు సిమెంటుకు పట్టుకోదు. మళ్లీ చుట్టూ చూసి, "గింత ఇసుక, ఒక్క ట్రాక్టర్ లేదు" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు అర్థమైంది. మా ఊరి వాగులో ఇసుక ఉన్నన్నాళ్లూ ఎండాకాలం చెలిమె తీస్తే మూరెడు లోతులో నీళ్లు. ట్రాక్టర్లు వాగును బండ దాకా గీకేశాక చెలిమె అనే మాటే పిల్లలకు తెలియకుండా పోయింది. ఇసుక అంటే నీళ్ల గోదాము అని నాకు ఎవరూ బడిలో చెప్పలేదు. ఇక్కడ కూడా అంతే. తూర్పు హజర్ కొండల్లో వాన పడితే వాదీ బత్హా వాగు ఈ ఇసుకల అంచు వెంటే పారి, భూమిలోకి ఇంకుతుంది. పైన చూస్తే శూన్యం, కింద కొండల నీళ్లు.

శూన్యం అన్నానా, అది కూడా తప్పే. 1980ల నడుమ బ్రిటన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ వాళ్లు ఇక్కడికి వచ్చి లెక్కబెడితే నూట యాభై రకాల మొక్కలు, పదహారు వేల వెన్నెముక లేని జీవాలు తేలాయి. బద్దూలు వేసవిలో అంచునున్న ఖర్జూర తోటలకు చేరి, కోతలయ్యాక మళ్లీ ఇసుకలోకి పోతారు. అంటే వాళ్ల ఏడాది కూడా కాలువతోనే ముడిపడి ఉంది. ఇక్కడి అజ్బాల్లో, అంటే ఒంటెలు, మేకలు కట్టేసే దొడ్లలో, కాపలా కాసేవాళ్లలో మనవాళ్లూ ఉంటారు. వాళ్లను అడగండి ఎడారి ఖాళీనా అని. నీళ్ల ట్యాంకర్ ఏ రోజు వస్తుందో వేళ్ల మీద చెప్తారు.

క్యాంపు చేరే ముందు ఒక లోయలో చెట్లు కనిపించాయి. ఒంటెలు అందినంత మేర మేసేయడంతో కింద కత్తిరించినట్టు సమంగా, పైన గొడుగులా ఉన్నాయి. బాపు బండి ఆపమన్నాడు. దిగి, కొమ్మ వంచి, ఆకు చూసి, ముల్లు చూసి, వెనక్కి తిరిగి నా వంక అనుమానంగా చూశాడు.

"గిది జమ్మి గదరా!"

అవును, జమ్మే. ఇక్కడ గాఫ్ అంటారు. తెలంగాణ రాష్ట్ర చెట్టు, దసరా నాడు బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కే ఆకు. పన్నెండు నెలలూ ఇసుకలో నిలబడి, వేళ్లను ఎంతో లోతుకు దించి బతుకుతుంది. నేను ఇన్నేళ్లుగా దీని పక్కనుంచే బండి నడిపాను. జమ్మి పూజ కోసం మస్కట్‌లో ప్రతి దసరాకు ఇండియా నుంచి వచ్చేవాళ్లను ఆకు తెమ్మని బతిమాలేవాళ్లం!

పొద్దు దిబ్బల వెనక్కి పోతుంటే బాపు చెట్టు కిందే నిలబడి పెద్దబాపుకు వీడియో కాల్ చేశాడు. సిగ్నల్ ఒకటే గీత. అక్కడ అప్పటికే చీకటి పడింది, యాసంగి నాట్ల రోజులు. తెర మీద పెద్దబాపు ముఖం సగమే కనిపిస్తోంది.

"అన్నా, గిక్కడ జమ్మి చెట్టున్నదే! సూడు!"

"ఎడారిలనా? నీళ్లెక్కడియిరా దానికి?"

బాపు ఏదో చెప్పబోయాడు. అవతల మోటారు మోత పెద్దదైంది, పెద్దబాపు కేకేస్తున్నాడు కానీ మాట వినపడడం లేదు. "జరంత అవుతలికి పో అన్నా, మోటరు సప్పుడొస్తున్నది" అన్నాడు బాపు. ఎవరి మోటారని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. రెండు బోర్లూ ఆ గట్టుకు చెరోపక్కనే ఉన్నాయి.